నీలిమందు తువ్వాలు మీద పుట్టగొడుగు

రిటైరు కావడానికి ముందటి ఏడాది వానాకాలంలో నన్ను మాచర్లకు డెప్యుటేషన్ మీద పంపారు. మా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో నా హోదా ఆర్టిస్ట్-కమ్-ఫోటోగ్రాఫర్. అంటే తెగులు పట్టిన ఆకుల్నీ పురుగు తొలిచిన కాయల్నీ శాస్త్రవేత్తలు చూపించినట్టు ఫోటోలు తియ్యడం, గోడ పటాలకు బొమ్మలు వెయ్యడం. ఆ ఏడు నాకు అప్పగించింది పల్నాడులో వానలకు మొలిచే పుట్టగొడుగులు. ఏవి తినొచ్చు, ఏవి కూడదు అని ఆసుపత్రుల్లో తగిలించే పటం కోసం. ఏది ఏ జాతో తేల్చేది సరోజినీ మేడమ్, శిలీంధ్రాల శాస్త్రవేత్త. ఆమె గుంటూరులో మైక్రోస్కోపు దగ్గర, నేనిక్కడ బురదలో బోర్లా పడుకుని.

ఈ సంగతి పెళ్లిళ్లలో చెప్పేటప్పుడు "నా కెమెరా ముగ్గురి ప్రాణాలు కాపాడింది" అని మొదలుపెడతాను. కాగితం మీద పెట్టడానికి అంత ధైర్యం చాలడం లేదు. ప్రాణాలు కాపాడింది సెలైన్ సీసాలు. కెమెరా చేసింది వేరే పని, అదీ రెండో ప్రయత్నంలో.

గెస్ట్‌హౌస్ ఎదురుగా టీకొట్టులో నేను పుట్టగొడుగుల స్పెషలిస్టునని చెప్పుకున్నాను. మెడలో అంత లెన్సు వేలాడుతుంటే నమ్మనివాడెవడు? ఒక శనివారం పొద్దున ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి, డాక్టరు గారు స్పెషలిస్టు గారిని రమ్మంటున్నారన్నాడు. దారి పొడుగునా ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలా అని ఆలోచించాను.

వార్డులో మూడు మంచాల మీద మార్తమ్మ అనే పెద్దావిడ, ఆమె ఇద్దరు కొడుకులు. శుక్రవారం మధ్యాహ్నం పుట్టగొడుగుల కూర తిన్నారు, రెండు గంటలకల్లా వాంతులు, విరేచనాలు. మంచాల పక్కన పెద్ద కోడలు ఎస్తేరు నిలబడి ఉంది. ఆమెకు ఏమీ కాలేదు. తగాదా అంతా అక్కడే.

మార్తమ్మ మరిది దానియేలు గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేట్టు అడుగుతున్నాడు. "ఏమే, ముగ్గురు పడ్డారు, నువ్వెట్టా నిలబడ్డావే?"

"శుక్రవారం ఉపవాస ప్రార్థన చినమామా. నేను కూర ముట్టలా."

"వండింది నువ్వు, ముట్టంది నువ్వు. పుట్టగొడుగులు ఏటేటా తింటానే ఉన్నాం, ఎవురికేమయింది? ఇంట్లో పత్తి మందు డబ్బా ఉంది. స్టేషనుకు పోతా, వాళ్లే తేలుస్తారు."

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. విషం కేసు ఏదైనా పోలీసుకు తెలియజెయ్యక తప్పదట. పురుగుమందు లక్షణాలు తనకు కనిపించడం లేదు, కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి, వాసనా లేదు. కానీ కారణం పుట్టగొడుగే అని రాయాలంటే తెలిసినవాళ్ల మాట ఒకటి కావాలి. లేకపోతే అనుమానం అని రాయాలి. అనుమానం ఎవరి మీదికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. నేను ఫోటోలు తీసేవాణ్నే గానీ పేర్లు తేల్చేవాణ్ని కాదని ఒప్పుకున్నాను. "తేల్చేవాళ్లకు ఫోటో పంపగలరుగా, చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ అతనికి రుణపడి ఉన్నాను.

మార్తమ్మ పుట్టగొడుగులు కోసిన చోటికి ఎస్తేరే తీసుకెళ్లింది. పత్తిచేను గట్టున పాత పెంటదిబ్బ. విప్పారని మొగ్గల్ని అత్త కోసుకెళ్లగా విప్పారినవి మిగిలిపోయాయి, ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత. పుట్టగొడుగును ఫోటో తియ్యడానికి మా దగ్గరొక పద్ధతి ఉంది. పైనుంచి టోపీ, కిందనుంచి దాని అడుగున మడతల్లా ఉండే రేకలు, కాడ, ఆ తర్వాత మట్టితో సహా పెళ్లగించి మొదలు. జాతి తెలిసేది ఎక్కువగా అడుగు భాగంలోనే. రంగు తప్పిపోకుండా ముందు కెమెరాకు తెలుపేదో చూపించాలి. అందుకు ఏ రంగు ఛాయా కలవని బూడిదరంగు అట్ట ఒకటి వాడతాం. నా అట్ట ముందురోజు వానకు నాని గెస్ట్‌హౌస్‌లో ఆరుతోంది.

రేకలు నా కంటికి ఒక రవ్వ పాచిరంగుగా కనిపించాయి. పత్తిచేను పచ్చదనం పడుతోందిలే అనుకున్నాను. నా భుజం మీద ఉతికిన తెల్ల తువ్వాలు ఉంది. దాన్ని పరిచి, పుట్టగొడుగును దానిమీద పెట్టి, అదే తెలుపని కెమెరాకు చెప్పాను. పాచి పోయి రేకలు మీగడలా వచ్చాయి. అంత అందమైన ఫోటో ఆ సీజనులో మరొకటి తియ్యలేదు. ఫోనుకు ఎక్కించి మేడమ్‌కు పంపాను.

ఎస్తేరు గొడుగు పట్టుకుని నిలబడి అడిగింది. "ఏందంట సారూ? ఇదేనంటనా?"

"చూస్తున్నారమ్మా."

"కాదంటే నేనింక ఆ ఇంటికి పోలేను."

మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది. రేకలు మీగడరంగులో ఉంటే తాను గట్టిగా ఏమీ చెప్పలేనంది, తినేవాటిలోనూ అలాంటివి ఉన్నాయి. గొడుగు కింద మనిషికి వినపడకుండా నాలుగడుగులు పక్కకు నడిచాను. అప్పుడు మేడమ్ అడిగింది. "రావు గారూ, మీకు కామెర్లేమైనా వచ్చాయా?"

లేదన్నాను.

"ఫోటోలో మీ బొటనవేలు పసుపు ముద్దలా ఉంది. తువ్వాలు మాత్రం మల్లెపువ్వులా ఉంది. ఇంట్లో బట్టలకు నీలిమందు పెడతారా?"

పెడతారు. మా వైపు పెట్టని ఇల్లేది? నీలిమందులో జాడించిన గుడ్డ కంటికి తెలుపు, కెమెరాకు నీలం. ఆ నీలాన్ని తెలుపు చెయ్యబోయి కెమెరా మిగతా అన్నింటికీ పసుపు పూసింది, పాచిరంగు అందులో మునిగిపోయింది. ఈ కిటుకు నేనే పట్టానని ఇంతకాలం అందరికీ చెప్పాను. పట్టింది నా బొటనవేలును చూసిన మేడమ్.

ఆమె ఒక్క మాట తూలలేదు. ఏం చెయ్యాలో చెప్పింది. నాలుగైదు పుట్టగొడుగుల్ని మట్టితో పాటు కాగితంలో చుట్టి ఆసుపత్రికి తెచ్చాం. దారిలో అట్ట తీసుకున్నాను. వరండా వెలుతురులో మళ్లీ ఫోటోలు తీశాను. ఈసారి రేకలు పాచిరంగులోనే వచ్చాయి. ఒక టోపీని కాడ కోసి, రేకలు కిందికి ఉండేట్టు తెల్ల కాగితం మీద పెట్టి, గాలి తగలకుండా స్టీలు గిన్నె బోర్లించాం. దీన్ని అచ్చు తియ్యడం అంటాం. పుట్టగొడుగు తన విత్తనాల్లాంటి పొడిని రాలుస్తుంది, ఆ పొడి రంగు అబద్ధం చెప్పదు.

మధ్యాహ్నం దాటాక గిన్నె తీశాం. కాగితం మీద బండి చక్రం ఆకుల్లా, ఆకుపచ్చ పొడి. మేడమ్ ఫోటో చూసి పేరు చెప్పింది, డాక్టరుతో మాట్లాడింది. లేతగా ఉన్నప్పుడు రేకలు తెల్లగానే ఉంటాయి కాబట్టి మంచివనుకుని కోస్తారనీ, కడుపును కుదిపేస్తుంది గానీ సాధారణంగా ప్రాణం మీదికి తేదనీ చెప్పింది. డాక్టరు కారణం దగ్గర పుట్టగొడుగు అనే రాశాడు.

దానియేలు కాగితం మీదికి వంగి చానాసేపు చూశాడు. "మరి మా వదిన ఏటేటా తెచ్చేయి?" అన్నాడు. అవి పుట్టమీదివి, ఇది పెంటమీదిదని చెప్పాను. ఆ మాట కూడా మేడమ్ చెప్పిందే. అతను మంచం మీద ఉన్న వదిన వంక ఒకసారి చూసి బయటికి పోయాడు. స్టేషనుకే పోయాడేమోనని ఎస్తేరు మొహం పాలిపోయింది. కాసేపటికి ఇడ్లీ పొట్లంతో వచ్చి ఆమె పక్కన బల్ల మీద పెట్టాడు.

"నిన్న పొద్దుటినుంచి తినలేదుగా. తినమ్మా."

ఆమె వెంటనే తీసుకోలేదు. అత్త నోట్లో రెండు చెంచాల నీళ్లు పోసి, తర్వాత అటు తిరిగి కూర్చుని తింది.

మూడోనాడు ముగ్గురూ ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఆకుపచ్చ అచ్చు ఫోటో పటంలోకి ఎక్కింది. తువ్వాలు ఫోటో ఎక్కలేదు, ఎక్కకూడదు కూడా.

నా మీద కోప్పడడానికి కారణం ఉండీ కామెర్ల సంగతి అడిగి సరిపెట్టిన మేడమ్‌కూ, స్పెషలిస్టును కానని చెప్పాక కూడా నాకు పని అప్పగించిన డాక్టరుకూ నేను కృతజ్ఞుణ్ని. వృత్తిపరంగా నేర్చుకున్నది ఒకటే. కంటికి కనిపించిన రంగు తప్పు అని ఫోటోగ్రాఫరు తనంతట తానే తీర్పు చెప్పి సరిచెయ్యకూడదు. ఆ తర్వాత పంపిన ప్రతి ఫోటోతోనూ ఏ వెలుతురులో తీశానో, తెలుపు దేన్ని చూపించి కుదిర్చానో, నా కంటికి ఏ రంగు కనిపించిందో చెప్పి పంపాను. మిగతాది తేల్చవలసినవాళ్లు తేల్చారు.