మల్లక్క ఇంట్లో గురువారాలు

రాయమల్లు గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్లు ల్యాంపు రూములో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిలైటు ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన డ్యూటీ. ఒక్క లైటు తిరిగి రాకపోయినా మనిషి లోపలే ఉన్నట్టు. ఆచూకీ తెలిసేదాకా ఇంటికి కదిలేవాడు కాదు. అంతటి మనిషీ తన పెళ్లాం సమ్మవ్వను మాత్రం పట్టించుకోలేదు. క్యాన్సరొచ్చి ఆమె మాట్లాడటం మానేస్తే నీరసమనుకున్నాడు. మనసు డాక్టరు దగ్గరికి రెండుసార్లు పోయి, ఆమె ఇక పోనంటే పోనీలే అన్నాడు. ఆమె చచ్చిపోయి నాలుగేళ్లయినా ఆ 'పోనీలే' ఆయన్ని తినేస్తూనే ఉంది.

రిటైరయ్యాక, 2009లో, ధర్మాసుపత్రిలో అడిగి మరీ ఒక పని పట్టుకున్నాడు. అక్కడికి ప్రతి గురువారం మనసు డాక్టరు వస్తాడు. మధ్యాహ్నం దాకా రాని క్యాన్సర్ రోగులను తీసుకురావడానికి వాళ్ల ఇళ్లకు ఈయన పోవాలి. బీదాబిక్కీకి రాకపోవడానికి సవాలక్ష కారణాలు. కూలి పోతుంది, ఆటో దొరకదు, 'పిచ్చి డాక్టరు' అని వాడకట్టు నవ్వుతుంది.

అందరిలోకీ మొండిఘటం మల్లక్క. బొగ్గు రైళ్లు నిలిచే సైడింగు దగ్గర రాలిన బొగ్గు ఏరుకుని ఒంటరిగా బతికే మనిషి. రొమ్ము ఆపరేషనయ్యాక అయిదు గురువారాలు ఎగ్గొట్టింది. రాయమల్లు పోతే పీట వేస్తుంది, చాయ్ పోస్తుంది, రానంటుంది.

"నాకేమన్న పిచ్చా కాకా?"

"పిచ్చి నాకే బిడ్డా. లేకుంటే గింత ఎండల ఎందుకొస్త?"

నవ్వుతుంది. ఆయన చాయ్ తాగుతూ సమ్మవ్వ ముచ్చట్లు చెబుతాడు. ఇంకెవరికీ చెప్పనివి. గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న సంగతి తనకు తాను కూడా ఒప్పుకోడు.

ఆరో గురువారం పొయ్యి చల్లగా ఉంది. మల్లక్క మంచం దిగలేదు. తిండి తిని రెండు రోజులైందట. రాయమల్లు పీట మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

"ఎందుకు రావు బిడ్డా? నిజం చెప్పు."

"నేనే దవాఖానకొస్తే నువ్వు మా ఇంటికెందుకొస్తవ్ కాకా? తిన్నవా అని అడిగేటోనివి నువ్వొక్కనివే. గందుకే రాలె."

ఈ చాయ్ కోసం, సమ్మవ్వ ముచ్చట వినే ఈ ఒక్క మనిషి కోసం, ఆమె దవాఖానకు రాకుంటేనే బాగుండునని ఇన్నాళ్లూ లోపల్లోపల రాయమల్లు కూడా అనుకున్నాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"నాదీ తప్పే బిడ్డా. వారం వారం నేనే తోల్కపోత. మల్ల ఇంట్ల దింపి, చాయ్ తాగే పోత."

"ఒట్టేనా?"

"సమ్మవ్వ తోడు."

మల్లక్క మంచం కింద చెప్పుల కోసం తడిమింది.