ఉప్పుగాలిలో దూది పరుపులు

నిరుడు ఎండాకాలం సూర్యాపేటలో మా పరుపుల దుకాణంలో కూర్చునే ఒక ఘనకార్యం చేశాను. ఫోమ్ కావాలని వచ్చిన మనిషికి దూది పరుపులు అంటగట్టాను. అంత తెలివైన తప్పు మా బజారులో ఇంకెవరి వల్లా కాదు.

ఆమె పేరు సుజాత, పుట్టిల్లు కోదాడ. కోస్తాలో సముద్రం ఒడ్డున, నాటి పెంచిన సరుగుడు అడవి మధ్య ఒక విహార పట్టణం ఉంది. అక్కడ కాటేజీలు లీజుకు తీసుకుంది.

"ఫోమ్ ఎందుకు చెల్లె? నాలుగేండ్లకు కుంగుతది. మా దూదికి జర ఎండ సూపిస్తే సాలు, మళ్ల కొత్తదే," అన్నాను. కార్డింగ్, అంటే మిషన్ మీద దూది ఏకడం, కళ్లముందే చేయించాను. ఆమె ఏదో చెప్పబోయింది. అప్పటికే నేను బిల్లు రాస్తున్నాను.

నెల తిరక్కుండా ఫోన్ చేసింది. "అన్నా, పరుపులు తడుస్తున్నాయి."

"వాన పడ్డదా?"

"చుక్క లేదు. ఆదివారం మిర్యాలగూడ పెళ్లివాళ్లు దిగుతున్నారు, కాటేజీలన్నీ వాళ్లకే. ఈ బేరం చెడితే లీజు కట్టలేను."

వెళ్లాను. బస్సు దిగగానే దారి తప్పాను. ఎటు చూసినా గీత గీసినట్టు ఒకే వరస చెట్లు. హోరు వినబడిన దిక్కు సముద్రమనుకుని నడిచాను. అది సరుగుడు ఆకుల హోరట, సముద్రం నా వెనక ఉందట.

పరుపు నొక్కితే చల్లగా తగిలింది. కప్పు కారడం లేదు. దుప్పట్లు ఆరకముందే పరుస్తున్నారేమోనని చూశాను, అవి పొడిగానే ఉన్నాయి. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఎండ. చెట్ల కింద ఎండ లేదు కనుక పరుపులన్నీ ఒడ్డుకు మోయించి, ఇసుక మీద పొద్దంతా ఎండేశాను. తెల్లారి చూస్తే మునుపటికంటే బరువు! ఏమీ పాలుపోక ఒకదాని కుట్టు విప్పి, దూది చిటికెడు నోట్లో వేసుకున్నాను.

ఉప్పు. గాలితో వచ్చిన ఉప్పు దూదిలో చేరి తేమను పీలుస్తోంది. ఒడ్డున ఎండేసి ఇంకాస్త ఉప్పు పట్టించింది నేనే.

"ఇక్కడ ఉప్పుగాలి అని నీకు తెల్వదా చెల్లె?"

"ఆరోజే చెప్పబోయానన్నా. మీరు మాట్లాడనిస్తే కదా!"

శనివారం సాయంత్రానికి సూర్యాపేట నుంచి వ్యానులో ఫోమ్ దింపించాను. పెళ్లివాళ్లు హాయిగా పడుకున్నారు. ఇప్పుడు ఎవరు పరుపు అడిగినా ముందు వాళ్ల ఊరి గాలి సంగతి అడుగుతాను, వాళ్లు చెప్పేదాకా నోరు మూసుకుంటాను.

ఇక లెక్క. దూది పరుపుల సొమ్ము వాపసు. ఫోమ్ నేను కొన్న ధరకే ఇచ్చాను. వ్యాను కిరాయి నాది. ఉప్పు పట్టిన దూది ఎవరికీ అక్కర్లేదు, అదీ నాదే. చివరికి పరుపులు మోసినవాళ్ల కూలి దగ్గర తగ్గించబోయాను.

"ఒడ్డుకు ఒకసారి, లోపలికి ఒకసారి మోయించారన్నా," అంది సుజాత. "రెండు మోతల కూలి."

రెండూ ఇచ్చాను.