ఈలకు వచ్చిన మంద

1938లో నేను వెల్దుర్తి దగ్గర ఒక ఇనపరాయి గనిలో బ్లాస్టింగ్ మేస్త్రీని. రాతిలో బెజ్జాలు వేయించి, మందు కూరి, ఫ్యూజు అంటించి పేల్చడం నా పని. ఫ్యూజు అంటే మందు దాకా మెల్లగా కాలుతూ పోయే తాడు. అది కాలేలోగా అందరూ దూరం పోవాలి. మా రాయి రైల్లో మద్రాసుకు, అక్కడినుంచి ఓడల్లో పరదేశాలకు పోయేది. కంపెనీకి చాలా దేశాల్లో ఉక్కు కొలుములున్నాయనేవారు. నాకు తెలిసింది మా గుట్ట ఒక్కటే.

ఆ ఏడు కంపెనీ ఇంకో కొలిమి కడుతోందని, రాయి ఎక్కువ పంపాలని, ఖర్చు మాత్రం తగ్గించాలని హుకుం వచ్చింది. పెరిగే ఇంట్లో కూడు తగ్గించడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మేనేజరు దొర నన్ను పిలిచి ఓవర్‌హెడ్ ఎక్కడుందో చూడమన్నాడు. రాయి తవ్వని ఖర్చును ఓవర్‌హెడ్ అంటారు.

నాకు దేవదానం గుర్తొచ్చాడు. పేల్చే ముందు గుట్ట చుట్టూ తిరిగి తప్పెట కొట్టడం అతని పని. మిగతా పొద్దంతా నీడన కూర్చునేవాడు. "ఆ పని నా ఈల చేస్తుంది దొరా" అని, నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసి చూపించాను. దొర నా భుజం తట్టాడు.

సంగతి చెబితే దేవదానం నవ్వాడు.

"బాగుండాది మేస్త్రప్పా. తప్పెటోనికైతే కూడు పెట్టల్ల. ఈలకు ఆకలుండదు గదా."

"నన్నేం చేయమంటావప్పా? పైనోళ్ళ మాట."

"నాకు తెలిసిన పైనోడు ఒక్కడే. ఆయప్ప ఇట్లా అనుండడులే."

కూలీలు నా ఈలకు తొందరగానే అలవాటు పడ్డారు. గుట్టకు అవతలివైపు వాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఈల వేసి, ఫ్యూజులు అంటించి, బండ చాటుకు చేరాను. అంతలో గుట్ట మీద గొర్రెలు కనబడ్డాయి. వాటి వెనక కాపరి మద్దిలేటి. మేత కోసం ఏటా ఎండాకాలంలో అవతలి పల్లెనుంచి వచ్చేవాడు. మునుపు తప్పెట వినబడగానే మందను మళ్ళించుకొని పోయేవాడు.

నేను ఇంకా గట్టిగా ఈల వేశాను. గొర్రెలు వేగంగా దిగాయి. మళ్ళీ వేశాను. పరుగెత్తుకొచ్చాయి. వాటి వెంట అతనూ పరుగెత్తాడు. మా సీమలో గొర్రెలకాపరి మందను పిలిచేది ఈలతోనే. పుట్టినప్పటినుంచి చూసిన సంగతే. ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి నా వేళ్ళు నోట్లోనే ఉన్నాయి.

దగ్గరి ఫ్యూజు పీకేయడానికి వ్యవధి ఉండిందేమో. లేదేమో. నేను మాత్రం బండ చాటునుంచి కదల్లేదు.

పేలుళ్ళకు సగం మంద పోయింది. మద్దిలేటి కాలు బండ కింద నలిగింది. బండి కట్టి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాము. మోకాలి కింద తీసేశారు. దొర పైవాళ్ళకు దాన్ని ఆపరేటింగ్ రిస్కు అని రాశాడు. పని అన్నాక వచ్చే ప్రమాదమని దాని అర్థమట. భయపడి కూలీలు రావడం మానేశాక దేవదానాన్ని మళ్ళీ పిలిపించారు. ఆ నెలలోనే కొత్త కొలిమి వెలిగిందని అందరికీ మిఠాయి పంచారు. నేనూ తిన్నాను.

ఆసుపత్రికి పోయినప్పుడు మద్దిలేటి నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఈల ఏసింది నువ్వేనాప్పా?"

"నేనే."

"మమ్మల్ని పొమ్మనేదానికి తప్పెట సాలు. నువ్వు రమ్మని శానాసార్లు పిలిస్తివి. ఏందన్నా ఆపదేమో అనుకొంటి. ఎందుకు పిలిస్తివప్పా?"

పొమ్మని పిలిచానని చెప్పబోయాను. లేచి బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. కొత్తగా చేరిన మేస్త్రీలకు ఒకటి చెబుతూ వచ్చాను: ఒక మనిషిని పనిలోంచి తీసే ముందు అతని పని ఎవరి చెవిన పడుతోందో గుట్ట దిగి అవతలికి పోయి అడగండి. అది నేర్చుకున్నాను. కంపెనీ, దొర, ఈల, నా పిరికితనం, ఇందులో తప్పు దేనిదెంతో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈల వేయడం ఆ రోజే మానేశాను.