ఎర్రోడి నాలుక

మొన్న మా చిన్నది సైకిల్ మీది నుంచి పడి మోకాలు గీరుకుంటే, కాశిబుగ్గలో మందుల దుకాణం నుంచి అయోడిన్ సీసా తెచ్చాను. మూత తీశానో లేదో, ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి, మోకాలి సంగతే మరిచి, పరకాల దగ్గరి మా ఊళ్ళో, మా ఎడ్ల కొట్టంలో, పేడ, కుడితి, ఎండుగడ్డి వాసనల మధ్య నిలబడిపోయాను. "మంటైతాంది డాడీ, ఊదు" అని అది అరిచేదాకా నాకు సోయి లేదు.

మాకు రెండెడ్లుండేవి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఎర్రదాన్ని "అది" అంటే మా బాపమ్మ, అంటే నాయినను కన్నతల్లి, ఊరుకునేది కాదు. "వాడు" అనాలి, పేరు ఎర్రోడు. మాకు తిట్లు, వాడికి ముద్దులు. ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పెనం మీది నుంచి దిగిన మొదటి పూర్ణం భక్షాన్ని నెయ్యి కారుతుండగా వాడి నోట్లోనే పెట్టేది, మేమంతా గడప మీద కూర్చుని గుటకలు మింగేవాళ్ళం. పొద్దుగూకి ఎడ్లు పొలం నుంచి రాగానే ఆమె అరచేతిలో దొడ్డుప్పు పోసుకుని కొట్టంలోకి పోవడం, వాడు గరుకు నాలుకతో సర్రున నాకడం, "సాలు బిడ్డా, చెయ్యి గీరుకపోతాంది" అంటూనే ఆమె చెయ్యి తీయకపోవడం, ఇంట్లో దీపం పెట్టినంత నియమంగా జరిగేవి. అప్పుడప్పుడు మేమూ చెయ్యి చాపి, చక్కిలిగింతకు కేకలు పెట్టేవాళ్ళం.

ఒక ఎండాకాలం చివర, పచ్చగడ్డి మాటే లేక, చొప్ప ముళ్ళలాగా బిరుసెక్కిన రోజుల్లో, ఎర్రోడి నోటి నుంచి జొల్లు కారసాగింది. పశువుకు జొల్లు కారితే మా ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, గాలికుంటు. ఒకటే వైద్యం, దొడ్డుప్పులో పసుపు కలిపి నాలుక మీద గట్టిగా రుద్దడం. నాయిన ముక్కుతాడు పట్టుకుంటే బాపమ్మే పొద్దూమాపూ రుద్దింది. రుద్దినకొద్దీ జొల్లు ఎక్కువైంది, దవడ కింద వాచింది, డొక్కలు లోపలికి పోయాయి.

మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గరపడుతోంది, ఒంటెద్దుతో దుక్కి సాగదు. నాయిన చివరికి ఎర్రోణ్ణి వచ్చే అంగడికి తోలుకుపోతానన్నాడు. మేత ముట్టని ఎద్దును కటికవాళ్ళు తప్ప ఎవరూ కొనరని మా పిల్లలకు కూడా తెలుసు. బాపమ్మ ఆ పూట బువ్వ తినలేదు. సాయంత్రం అలవాటుగా ఉప్పు పట్టుకుని కొట్టంలోకి పోయింది. ఎర్రోడు మూతి తెచ్చి అరచేతిలో ఆనించాడు, పెదవులు ఆడించాడు, నాలుక మాత్రం బయటికి రాలేదు. ఆమె నోట్లో చెయ్యిపెట్టి నాలుకను తడిమింది, గిట్టల మధ్య వెతికింది. గాలికుంటయితే గిట్టల్లోనూ పుండ్లుండాలి, పక్క పశువుకూ అంటుకోవాలి. ఒక్కటీ లేదు, పక్కనే కట్టేసిన తెల్లదానికీ ఏమీ కాలేదు. నేరుగా నాయిన దగ్గరికి వచ్చింది.

"ఇది గాలికుంటు కాదు కొడుకా. ఆనికి ఆకలైతాంది, తిందామనే సూత్తాండు, నాలుకనే కట్టె లెక్క అయింది. అంగడి మాట తర్వాత, ముందుగాల డాక్టర్‌ను పిలువు."

మరునాడు పశువుల డాక్టర్ మోటర్ సైకిల్ మీద వచ్చి, నాలుక బయటికి లాగి, వేళ్ళతో నొక్కి, దాని మీది పసుపుపచ్చని పొక్కులు నాయినకు చూపించాడు. బిరుసు మేత గుచ్చుకున్న చోట క్రిమి లోపలికి దూరి నాలుకను ఇట్లా గట్టిపరుస్తుందట. ఇప్పటిదాకా ఏం చేశారని అడిగితే బాపమ్మే చెప్పింది. ఆయన కోప్పడలేదు.

"ఉప్పు రుద్దుడు బంద్ చెయ్యవ్వా. ఆ గీతలల్ల నుంచే రోగం ఇంకింత లోపలికి పోతాంది."

"నా చేత్తోనే సంపుకుంటుంటి గద సారూ" అని బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మెడకు సూది వేశాడు. నాలుకకు అయోడిన్ పూత, అయోడైడ్ పొడి కలిపిన నీళ్ళు గొట్టంతో తాగించడం, మేతకు గంజి, సన్నగా తరిగిన పచ్చగడ్డి అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారినా, ఒంటి మీద పొట్టు రాలినా మందు ఎక్కువైనట్టే, ఆపేసి తనకు కబురు పెట్టమన్నాడు. ఇక మేము బావి కాలువ వెంట తిరిగి పిడికెడు పిడికెడు గడ్డి కోసుకొచ్చేవాళ్ళం. ఇల్లంతా అయోడిన్ వాసనే, ఆఖరికి అన్నం ముద్దలో కూడా. అంగడి రోజున నాయిన పగ్గం తీసుకుని కొట్టం దాకా పోయాడు. తిరిగొచ్చి దాన్ని చిలక్కొయ్యకు తగిలించాడు.

ఉప్పు వద్దన్నా బాపమ్మ మాత్రం పొద్దుగూకగానే కొట్టంలోకి పోయి, అయోడిన్ మరకలు పడ్డ ఖాళీ చెయ్యి చాపి నిలబడేది. ఎర్రోడు మూతి ఆనించి ఊరుకునేవాడు. తొలి మిరుగు జల్లు పడిన సాయంత్రం, మెల్లగా, బరువుగా నాలుక బయటికి తెచ్చి, ఆ ఖాళీ అరచేతిని నాకాడు. బాపమ్మ ఆ చేతిని చెంపకు ఆనించుకుని పసిపిల్లలా ఏడ్చింది. ఆ ఏడు మా విత్తనం కాస్త ఆలస్యంగా పడింది గానీ, రెండెడ్లతోనే పడింది.

ఇప్పుడు ఆ కొట్టంలో మా అన్న ట్రాక్టర్ ఉంటుంది. కుడితి గోళెం ఏమైందో ఎవరికీ గుర్తులేదు. బాపమ్మ పోయింది, అంతకు ముందే ఎర్రోడూ పోయాడు. చిన్నదాని మోకాలికి మందు రాస్తూ ఇదంతా చెప్పాను. అది మంట మరిచి విని, చివర్లో తన చిన్న అరచెయ్యి నా ముందు చాపింది.

"ఎద్దు నా చెయ్యి నాకితే ఎట్లుంటది డాడీ?"

చూపిద్దామంటే మా ఊళ్ళో ఇప్పుడు ఒక్క ఎద్దూ లేదు.