చెక్క మాత్రం మీ ఇష్టం

2023 డిసెంబరు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగు సంఘం హాలు. హాలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, ఒక మూల నాటకాల తెరలు చుట్టిపెట్టిన కట్ట. ఒక ఆదివారం ఉదయం అక్కడ నేను చేసిన తనిఖీ గురించి చెబుతాను. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో నేను చూసిన బండ్లన్నిటిలోకీ అది చిన్నది. దాని బరువు నూట నలభై ఎనిమిది గ్రాములు.

ముందు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు. రైల్వేలో నాది క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం. పాతవాళ్లు మమ్మల్ని టీఎక్స్ఆర్ అంటారు, అంటే బండిని పరీక్షించేవాడు. గూడ్సు యార్డులోకి వస్తుంటే లైను పక్కన నిలబడి, తిరుగుతున్న చక్రాలను చూస్తాం, వాటి చప్పుడు వింటాం. దీన్ని రోలింగ్-ఇన్ అంటారు. బండి ఆగాక ఒక్కో వ్యాగన్ దగ్గరికి వెళ్లి చక్రం అంచుకు గేజ్ పెట్టి చూస్తాం. గేజ్ అంటే లోహపు రేకుతో చేసిన కొలత. చక్రం దానికి సరిపోతే సరి, లేకపోతే లేదు. అక్కడ బేరాలుండవు. పనికిరాని వ్యాగన్‌ను మేం సిక్ అంటాం. దాని ఒంటిమీద సుద్దతో ఆ మాట రాశామంటే, ఎవరొచ్చి బతిమాలినా అది ఆ బండితో వెళ్లదు. సిక్ లైనుకు పోయి, బాగుపడి, ఫిట్ అనిపించుకున్నాకే మళ్లీ ప్రయాణం.

చేతిలో సుద్దముక్క ఉంటే మనిషికి కాస్త పొగరు వస్తుంది. నాకు కాస్త కంటే ఎక్కువే వచ్చిందని మా ఆవిడ అభిప్రాయం.

ఆ ఏడాది మా సంఘం యువజన విభాగం వాళ్లు పిల్లలకు చెక్క కార్ల పందెం పెట్టారు. ప్లైవుడ్‌తో ఏటవాలు ట్రాకు ఒకటి చేయించారు. పైనుంచి మూడేసి కార్లు వదిలితే వాటి బరువుకు అవే జారుకుంటూ కిందికి రావాలి. మోటారు ఉండదు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక కిట్ ఇచ్చారు. అందులో జానెడు చెక్కదిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు. సంఘం కార్యదర్శి సుధాకర్ మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"గురువుగారూ, రూల్స్ మీరే రాయాల. చెకింగు కూడా మీరే చెయ్యాల. మీరు పాస్ చేసిన బండికి ఎవులూ వంక పెట్టరు."

పొగడ్త పనిచేసింది. అయితే ఒక షరతు పెట్టాను. నియమాలు తెలుగులోనే ఉండాలి. మూడు తరాలుగా ఇక్కడున్న మన పిల్లలకు తెలుగు అక్షరం రావడం లేదని ప్రతి మీటింగులోనూ బాధపడేది నేనే మరి.

"పిల్లలు చదవలేరు కదండి," అన్నాడు సుధాకర్.

"చదవలేకపోతే వింటారు. నేనే చదివి గ్రూపులో పెడతాను."

అలా ఏడు నియమాలు రాసి, గొంతు సవరించుకుని, ఫోనులో రికార్డు చేసి పంపాను. మొదటి నియమం: కారును పిల్లలే సొంతంగా తయారు చేసుకోవాలి. ఐదో నియమం: కిట్‌లో ఇచ్చిన వస్తువులకు బదులు వేరేవి వాడకూడదు; చెక్క మాత్రం మీ ఇష్టం. ఈ వెసులుబాటు ఎందుకంటే, ఆ దిమ్మలు ఊళ్లో తెలిపారా బజారులో ఒక ఫర్నిచర్ దుకాణంలో మిగిలిన ముక్కలు. కొన్నిటిలో రాయిలాంటి ముడులున్నాయి. అలాంటిది ఎవరికైనా వస్తే వేరే ముక్క తెచ్చుకుంటారని నా ఉద్దేశం.

పందెం రోజు పొద్దున్నే బల్ల వేసుకుని కూర్చున్నాను. ముందు వంటింటి త్రాసు, పక్కన వెర్నియర్ కాలిపర్, అంటే మిల్లీమీటరులో పదో వంతుదాకా కొలిచే సాధనం. జేబులో అలవాటు కొద్దీ సుద్దముక్క. పన్నెండు మంది పిల్లలు వరసలో నిలబడ్డారు, వెనకాల వాళ్ల నాన్నలు. కార్లు చూస్తే ముచ్చటేసింది. ఒకటి వెండి రంగు, ఇంకొకటి నిప్పుకణికలా ఎరుపు. చాలావరకు మంచి టేకుముక్కలు, అద్దంలా నున్నగా ఉన్నాయి. మా మనవరాలి పేరు తనూ. తన కారు కూడా వచ్చింది. ఎక్కడా పక్షపాతం కనిపించకూడదని దాన్ని మిగతావాటి కంటే రెండు నిమిషాలు ఎక్కువే చూసి, పాస్ చేశాను.

పదకొండు కార్లు అయ్యాయి. పన్నెండోది ప్రణతిది. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి లోకో పైలట్, అంటే రైలింజను నడిపేవాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. తల్లిది ఇక్కడే, చకర్‌భాటా వైపు. ఆవిడకు తెలుగు రాదు. ఇంట్లో హిందీ, ఛత్తీస్‌గఢీ. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు వినబడే తెలుగే ఆ పిల్లకు వచ్చిన తెలుగు. తల్లి హాలు చివర కుర్చీలో కూర్చుని ఉంది.

ప్రణతి కారు బల్లమీద పెట్టింది. రంగు లేదు. పక్కభాగంలో నల్లగా పెద్ద ముడి. ఇవన్నీ నేను తర్వాత చూశాను. ముందు చూసింది చక్రాలనే. కిట్‌లో ఇచ్చిన నల్ల ప్లాస్టిక్ చక్రాలు కావవి. గుండ్రంగా కోసిన చెక్కబిళ్లలు.

"ఇవేటమ్మా?"

"చక్కా, తాతగారూ."

"మేమిచ్చినవి ఏవి?"

"ఇంట్లో ఉన్నాయండి."

ఇంకేమీ అడగలేదు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. కారు పక్కన సుద్దతో "సిక్" అని రాశాను. సుద్ద పడగానే వెనకున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి అక్షరాలు పోల్చుకోలేక నా ముఖంలోకి చూసింది.

"ఏటి రాసినారు?"

"సిక్. ఇది నడవదు. రూల్స్ వినలేదా?"

"విన్నానండి. పదిసార్లు విన్నాను." ఫోను కోసం తల్లివైపు చూసింది. "మీరే కదా చెప్పినారు, చక్కా మీ ఇష్టం అని."

నాకు కోపం వచ్చింది. "నేనలా ఎప్పుడు చెప్పాను? అబద్ధాలాడకు."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పిల్ల ఏడవలేదు. తల్లి దగ్గరికి వెళ్లి ఫోను తెచ్చి, నా రికార్డింగు పెట్టి, చప్పుడు పూర్తిగా పెంచి బల్లమీద ఉంచింది. హాలంతా నా గొంతే. కిట్‌లో ఇచ్చిన వస్తువులకు బదులు వేరేవి వాడకూడదు. చెక్క మాత్రం మీ ఇష్టం.

నేను విన్నది నేను చెప్పిందే. ఆ పిల్ల ఇంకోసారి పెట్టింది. రెండోసారి నా చెవితో కాక ఆ పిల్ల చెవితో విన్నట్టయింది.

ఈ ఊళ్లో చక్కా అంటే చక్రం. బళ్లు ఆపేసి రోడ్డెక్కితే దాన్ని చక్కా జామ్ అంటారు. అంతెందుకు, యార్డులో ముప్ఫై రెండేళ్లుగా "చక్కా దేఖో" అని అరుస్తున్నది నేనే. బయట రోజుకు వందసార్లు చక్కా అనేవాణ్ని, సంఘం హాల్లో మాత్రం చెక్క అంటే కర్ర అని ఆ పిల్ల ఎలా పసిగట్టాలి?

అప్పుడు ముడి కనబడింది.

"ఈ ముక్క ఎందుకు ఉంచుకున్నావు? మంచిది తెచ్చుకోవచ్చు కదా?"

"మార్చకూడదన్నారు కదండి. కొయ్యడానికి మూడు రోజులు పట్టినాది. నాన్న హ్యాక్సా బ్లేడు కూడా విరిగిపోనాది."

అంటే మార్చుకోమన్నదాన్ని ఉంచుకుంది, ఉంచుకోమన్నదాన్ని మార్చింది. రెండు చోట్లా నా మాట జవదాటలేదు.

అయినా నాలోని టీఎక్స్ఆర్ ఊరుకోలేదు. మిగతా పదకొండు మంది ఎలా సరిగ్గా అర్థం చేసుకున్నారు? వాళ్లవైపు తిరిగి అడిగాను. "చెక్క అంటే ఏటర్రా?"

"పహియా!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పహియా అన్నా చక్రమే.

"మరి మీరెవులూ చక్రాలు మార్చలేదేటి?"

వెనకున్న నాన్నలు ఫ్యాన్లవైపు చూశారు. మా తనూ మాత్రం దాచుకోవడం రాని పిల్ల.

"తాతా, నా కారుకి చక్కా నువ్వే బిగించావు కదా. నాకేటి తెలుసు?"

హాలంతా ఘొల్లుమంది. నేను కూడా నవ్వాలని చూశాను, కుదరలేదు. నిజమే. చక్రాలే కాదు, ఆ కారుకు మేకులు నున్నగా గీసిందీ, టేకుముక్క తెచ్చిందీ నేనే. తనూ రంగు వేసింది. అది కూడా ఒక పక్క. మిగతా కార్ల సంగతి అడగక్కర్లేదు, నాన్నల చేతివేళ్లకు ఇంకా పెయింటు ఉంది. వాళ్లంతా తెలుగు వచ్చినవాళ్లు. నియమం వాళ్లు విన్నారు, కారు వాళ్లు చేశారు. ఐదో నియమం తప్పకపోవడానికి కారణం మొదటి నియమం తప్పడమే. తన కారు తానే చేసుకున్న పిల్ల ఒక్కతే దొరికిపోయింది.

సుధాకర్ నా చెవిలో గొణిగాడు. "ఏటి చేద్దారండి? రూల్ ప్రకారం..."

"రూల్ ప్రకారం పదకొండు సిక్. ఒక్కటే ఫిట్," అన్నాను, అందరికీ వినబడేలాగే.

పెద్దల పనికి పిల్లల్ని ఆపడం న్యాయం కాదు కాబట్టి అన్నీ నడుస్తాయని చెప్పాను. ప్రణతికి కిట్ చక్రాలు ఇంకో జత ఇవ్వబోయాను. చెక్కచక్రం మేకుమీద బరువుగా తిరుగుతుంది, వెనకబడుతుంది. ఆ మాటే చెప్పాను.

"తెలుసండి," అంది. "ఇంట్లో పలక ఏటవాలుగా పెట్టి చూసినాను. అయినా వీటితోనే నడుపుతాను. ఇవి నేను చేసినాను."

సరే, కొలుద్దామని కాలిపర్ తీశాను. నాలుగు చక్రాలూ దాదాపు ఒక్క కొలతే. నమ్మలేక మళ్లీ కొలిచాను. రైలుకైనా అంతే, ఒక ఇరుసుమీది రెండు చక్రాల్లో ఒకటి చిన్నదైతే బండి ఒక పక్కకు ఈడుస్తుంది.

"వీటిని దేంతో చేశావమ్మా?"

సమాధానం హాలు చివరినుంచి వచ్చింది. తల్లి లేచి నిలబడింది. "మోర్ బేలన్ లా కాట్ దిస్ హే!" నా చపాతీ కర్రను కోసేసింది అని ఆవిడ ఫిర్యాదు. ముఖంలో మాత్రం ఫిర్యాదు లేదు.

"చపాతీ కర్ర చివర్లకి సన్నమవుతాది కదా, ఒకే కొలత ఎలాగొచ్చింది?"

ప్రణతి ఫ్రాకు జేబులోంచి నీళ్లసీసా మూత ఒకటి తీసి చూపించింది. "ఇందులో పట్టేదాకా గరుకుకాగితంతో రుద్దినానండి. నాలుగూ పట్టాల. లూజు అయిపోతే మళ్లీ కొత్తది కోసినాను."

పట్టిందంటే సరి, లేకపోతే లేదు. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల గేజ్ తయారు చేసుకుంది. నా ఉద్యోగం మొత్తం ఆ మూతలో ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. చలి ఎక్కువగా ఉందని అందరికీ చెప్పాను.

రుమాలుతో సిక్ అన్నమాట తుడిచాను. రంగు లేని చెక్క కదా, పూర్తిగా పోలేదు. దాని కిందే ఫిట్ అని పైకి చదువుతూ రాశాను. తర్వాత, పిల్లల ముందూ నాన్నల ముందూ, "నిన్ను అబద్ధాలాడకు అన్నాను. తప్పు నాది తల్లీ," అన్నాను. ఆ పిల్ల తల ఊపి, ఫిట్ అన్న మాట మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఫి... ట్."

ఇక పందెం. మూడు లైన్లలో ప్రణతి కారు మూడోదిగా వచ్చింది, అంటే చివర. కానీ నేను ట్రాకు పక్కన మోకాళ్లమీద కూర్చుని విన్నాను. ముందు వెళ్లిన రెండూ టకటకా అంచులకు కొట్టుకుంటూ పోయాయి. ఈ కారు పైనుంచి కిందిదాకా ఒక్కసారి కూడా అంచుకు తగల్లేదు. ఒకే తీరున, సన్నగా, నిదానంగా దిగింది. యార్డులో అలాంటి చప్పుడు వింటే నేను లోపాలు రాసుకునే పుస్తకం మూసేసి టీకి వెళ్లిపోతాను.

ఆ తర్వాతి వారం తెలిపారా వెళ్లి ప్రణతి వాళ్లమ్మగారికి కొత్త చపాతీ కర్ర కొనిచ్చాను. నా అలవాటు కూడా ఒకటి మారింది. యార్డులో ఎవరైనా చెప్పినట్టు చేయలేదనిపిస్తే, ముందు సుద్ద తీయడం మానేశాను. "నేను చెప్పింది నీకేమని వినబడింది?" అని అడుగుతున్నాను. సగంసార్లు లోపం నా మాటలోనే బయటపడుతోంది. మాట నా నోట్లో ఎంత శుద్ధంగా ఉందన్నది కాదు, అవతలి చెవిలో ఏమైందో చూడాలి. అది తెలియడానికి నాకు ఉద్యోగం దాదాపు అంతా పట్టింది.

మరుసటి ఏడాది నియమాలు మళ్లీ తెలుగులోనే రాశాను. చదివి రికార్డు చేసే పని మాత్రం ప్రణతికి ఇచ్చాను. మా వరండాలో కూర్చుని, రెండు వారాలపాటు అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. ఐదో నియమం దగ్గరికి వచ్చేసరికి ఆగి, కాగితం పక్కన పెట్టేసి, ఫోనుతో తన మాటల్లో చెప్పింది.

"చెక్క అంటే లకడీ. అది మీ ఇష్టం. చక్కా కాదు, అచ్ఛా? నేను ఒకసారి సిక్ అయిపోనాను."

ఆ ముక్క నేను రాసిన కాగితంలో లేదు. ఉండనిచ్చాను.