అక్క వీపు, చెల్లి పాదాలు

ఆదివారం పొద్దున్న పెద్దదానికి తలంటుతూ, కుంకుడు రసం కళ్ళలో పడకుండా ముందుకు వంగమన్నాను. అది వంగి బకెట్టు అంచు పట్టుకుంది. చెంబుతో నీళ్ళు పోశాను. వీపు నడిమి గాడి వెంట జారాల్సిన నీళ్ళు ఎడమ పక్కకు మళ్ళి జారిపోయాయి. మళ్ళీ పోశాను. మళ్ళీ ఎడమకే. అప్పుడు చూశాను: కుడి పక్కటెముకలు ఎడమ పక్కటెముకల కంటే ఎత్తుగా లేచి ఉన్నాయి.

"అమ్మా, సలేస్తంది. వేగిరం పొయ్యి," అంది.

పోశాను. ఈసారి కళ్ళు దాని వీపు మీదే ఉన్నాయి.

తల తుడిచి, జడ వేసే వంకతో వెనక్కి తిప్పి నిలబెట్టాను. కుడి రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎడమ భుజం కిందికి ఉంది. నడుము దగ్గర ఒక పక్కే మడత పడుతోంది. ఈ ఏడాదంతా స్కూలు బ్యాగు పట్టీ ఎడమ భుజం మీంచి జారుతోందని పిన్నీసు పెడుతూ వచ్చాను. యూనిఫాం కుట్టే ఆమె "ఈ గుంట తిన్నగా నిలబడదేటి, అంచు కుదరట్లేదు" అని విసుక్కుంది. అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. దానికి పదకొండేళ్ళు. ఎండాకాలం నుంచి గబగబా పొడుగైంది. పొడుగవుతోందని సంతోషించాం.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. వెన్నెముకలో ముప్పై మూడు ఎముకలని, మెడలో ఏడు, ఛాతీ వెనక పన్నెండు, నడుములో అయిదు, మిగిలినవి కింద అతుక్కుపోయి ఉంటాయని ఇప్పటికీ చెప్పగలను. పక్క నుంచి చూస్తే వెన్నులో వంపులు ఉండాలి. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్ళీ లోపలికి. ఆ వంపులే తల బరువును స్ప్రింగులా ఓర్చుకుంటాయి. వెనక నుంచి చూస్తే మాత్రం గీత గీసినట్టు ఉండాలి. పరీక్షలో నేను గీసిన బొమ్మ అలాగే ఉంది.

మా ఇంట్లో వీపులు రెండు రకాలు. మా పుట్టింటివాళ్ళు చీపురుపల్లి దగ్గర వ్యవసాయదారులు. మా అమ్మ, పెద్దమ్మ, అందరూ ఊడ్పులు ఊడ్చి ఊడ్చి భుజాలు ముందుకు వాలినవాళ్ళు, ఖాళీగా నిలబడినా కింద ఏదో వెతుకుతున్నట్టే ఉంటారు. మా అత్తవారిది శ్రీకూర్మం అవతల సముద్రపు ఊరు. కాలేజీలో కలిసి చదువుకుని, పెద్దలను ఒప్పించి చేసుకున్న పెళ్ళి మాది. మా అత్త పెళ్ళయిన నాటి నుంచి చేపలమ్ముతోంది. ఇప్పుడు శ్రీకాకుళం దాకా ఆటోలోనే వెళుతుంది కానీ ఆటో దిగాక సందుల్లో గంప నెత్తి మీదే. పొట్టిగా, బిగువుగా ఉంటుంది. మెడ కదలదు, కళ్ళే తిరుగుతాయి. పెద్దదానికి ఈ రెండు పోలికలూ రాలేదు. సన్నని ఎముక, పొడుగు చేతులు.

"మా వేపు ఈ పుల్లల రకం నేదు, మీ వేపుదే," అంటుంది మా అత్త.

మధ్యాహ్నం గంప కడిగి బోర్లించి వచ్చాక ఆమెకు చూపించాను. మనవరాలి వీపు మీద బొటనవేలితో పైనుంచి కింది దాకా నొక్కుకుంటూ వచ్చింది.

"పట్టేసినాదే. ఆ బేగు మోత వల్ల. దీనికి ఆసుపత్రేటి? సిన్నదుంది కదా, తొక్కేత్తే సరి."

చిన్నది ఎదురుకాళ్ళతో పుట్టింది. కాన్పులో ముందు పాదాలు బయటికొచ్చాయి, తల చివర. అలా పుట్టినవాళ్ళు పాదంతో తొక్కితే నడుంపట్టు వదిలిపోతుందని ఇక్కడ అందరి నమ్మకం. అది నడక నేర్చిన నాటి నుంచి మా అరుగు ఆదివారాలు ఖాళీగా లేదు. వల లాగి నడుము పట్టేసిన మగవాళ్ళు పరగడుపున వచ్చి బోర్లా పడుకుంటారు. మా అత్త మనవరాలి చేయి పట్టుకుని వాళ్ళ వీపుల మీద నడిపిస్తుంది. "మెల్లిగా, బంగారం, మావ సచ్చిపోతాడు," అని ఒకరు నవ్విస్తారు. లేచి నడుము అటూ ఇటూ తిప్పి, నొప్పి పోయిందనే అంటారు. ఆరేళ్ళ పిల్లకు అదో పెద్ద ఉద్యోగం. తన పాదాలు అందరి పాదాల్లాంటివి కావని దాని గట్టి నమ్మకం. నేను కాదనలేదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.

"ఇది నడుంపట్టు కాదత్తా. ఎముక వంగింది."

"ఎముక మీదే కదే కండుంటాది."

"డాక్టరు చూసేదాకా ఎవరూ దాని వీపు ముట్టుకోవద్దు."

మా అత్త నా ముఖంలోకి చూసింది. "సర్లే. నీ పిల్ల, నీ సదువు. నాను ముట్టనే ముట్టను," అని గంప కింద తలకు పెట్టుకునే కుదురుగుడ్డ దులిపి దండెం మీద వేసింది.

మా ఆయన చేపల లోడుతో వేరే ఊరు వెళ్ళి ఉన్నాడు. ఫోన్లో చెబితే, ఎదిగే పిల్ల, సర్దుకుంటుందిలే, అయినా చూపించు అన్నాడు. విజయనగరంలో ఎముకల డాక్టరు ఉంటే బుధవారానికి టైము దొరికింది. ఆ మధ్య రోజుల్లో నేను వీపులు తప్ప వేరే ఏమీ చూడలేదు. ఆటోస్టాండులో ఎవరు ఏ కాలి మీద బరువు మోపుతున్నారు, స్కూలు గేటు దగ్గర ఏ పిల్ల భుజం కిందికి ఉంది. పెద్దదాన్ని మాత్రం "తిన్నగా కూర్చో, తిన్నగా కూర్చో" అని చంపుకు తిన్నాను. అనగానే కర్రలా బిగుసుకునేది. నేను వంటింట్లోకి తిరగగానే మళ్ళీ వాలిపోయేది. ఎందుకంటున్నానో దానికి చెప్పలేదు. అదీ అడగలేదు. అడగకపోవడం గురించి నేను ఆలోచించలేదు.

బుధవారం నలుగురం బస్సెక్కాం. చిన్నదాన్ని వదిలిపెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు, మా అత్త తానూ వస్తానని ఆ రోజు బేరం మానుకుంది. డాక్టరమ్మ పెద్దదాని చొక్కా తీయించి, కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు జోడించి ముందుకు వంగమంది. స్నానాల గదిలో నేను చూసిందే ఆమె కూడా చూసింది. తర్వాత వెన్ను పక్కన వేలు పెట్టి, "ఇక్కడ కమిలిందేమిటమ్మా?" అంది.

ఎత్తుగా ఉన్న పక్కటెముకల మీద, వెన్నుకు పక్కగా, ముదురు ఊదారంగులో రెండు మచ్చలు. చిన్న మడమంత. ఆదివారం లేవు.

నేను మా అత్త వైపు చూశాను. నేనేమనుకున్నానో ఆమెకు వెంటనే తెలిసింది.

"నా కొడుకు మీద ఒట్టు. నాను తొక్కించనేదు."

స్టూలు మీద కూర్చున్న చిన్నది చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"నానే తొక్కినాను. అక్కే తొక్కమంది. మెల్లిగా తొక్కితే అవట్లేదంది. కిటికీ ఊస పట్టుకుని ఎగిరినాను."

"ఎప్పుడే?"

"ఆదివారం మధ్యాన్నం నువ్వు పడుకున్నప్పుడు."

పెద్దది చొక్కా గుండెలకు అదుముకుని గోడకేసి చూస్తోంది. మా అత్తే మెల్లిగా అడిగింది. "ఏటమ్మా, ఎందుకు తొక్కమన్నావు?"

"దసరా సెలవులకి ముందు డ్రిల్లులో లైనుగా నిలబెట్టినారు. ఏటే నువ్వొక్కదానివే ఒరిగిపోతన్నావు అన్నారు సారు. అందరూ నవ్వినారు. అప్పటినుంచి అద్దంలో సూసుకుంటన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు భయపడిపోతావని."

డాక్టరమ్మ తల వంచుకుని ఎక్స్‌రే కాగితం రాసింది.

ఎక్స్‌రేలో వెన్నెముకను మొదటిసారి బొమ్మలో కాకుండా చూశాను. నల్లటి తెర మీద ఎముకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. మధ్యలో కొన్ని కుడికి జరిగి, కాస్త మెలితిరిగి, మళ్ళీ కిందికొచ్చేసరికి దారిలో పడ్డాయి. ఆమె పైనొక గీత, కిందొక గీత గీసి కోణం కొలిచింది. వంపు చిన్నదే అంది. తొక్కినందుకు ఎముకకేమీ కాలేదు, కండ కమిలింది, తగ్గిపోతుంది. కానీ ఇంకెప్పుడూ ఆ వీపు మీద బరువు పడకూడదు. ఇది బ్యాగు వల్ల రాలేదు, కూర్చోవడం వల్ల రాలేదు, తిండి వల్ల రాలేదు. ఎదిగే వయసులో కొందరు పిల్లలకు కారణం తెలియకుండానే ఇలా వస్తుంది. ఎత్తు పెరగడం ఆగేదాకా కొన్ని నెలలకొకసారి చూస్తూ ఉండాలి. వంపు పెరిగితే, ఇంకా పెరగకుండా ఒంటికి బెల్టు. పెరగకపోతే ఏమీ అక్కర్లేదు.

"తిన్నగా కూకుంటే తిన్నగైపోద్దా?" అని అడిగింది మా అత్త.

"అవదండి. కానీ పాదాలు నేలకు ఆనించి, పుస్తకం కళ్ళ ఎత్తుకు తెచ్చుకుని కూర్చుంటే కండలు అలిసిపోవు. ఈతా, ఆటలూ ఏవీ మాన్పించొద్దు." ఆమె మా అత్త మెడ వైపు చూసి నవ్వింది. "మీరు భలే నిటారుగా ఉన్నారే."

"సూడ్డానికే నిటారు. రేత్రి తలగడ మీద పెడితే తెలుస్తాది, ఈ మెడ ఎంత సుఖపడిపోతన్నాదో."

పెద్దది నవ్వింది. ఆ వారంలో అది నవ్వడం అప్పుడే చూశాను.

తిరుగు బస్సులో చిన్నది చెప్పులు విడిచి, పాదాలు రెండూ కిందికి మడిచి, వాటి మీద కూర్చుంది. తిమ్మిరెక్కుతాయి, తియ్యి అంటే తియ్యలేదు. చాలా దూరం వచ్చాక నా చెవిలో అడిగింది: "నా కాళ్ళు సెడ్డవా అమ్మా?"

బస్సులో పక్కన జనం ఉన్నారు. కాదు, రేపు చెప్తాను అన్నాను.

రేపు అనడం తేలిక. ఇద్దరూ పడుకున్నాక ఆ చెప్పాల్సింది వెతుక్కున్నాను. పెద్దది ఎప్పటిలా బోర్లా పడుకుంది. దుప్పటి కింద కుడి భుజం దగ్గర కొంచెం ఎత్తు. తెలియనివాళ్ళకు కనబడదు. చిన్నది నిద్రలోనూ పాదాలు దుప్పట్లో దాచుకుంది. వంపు పెరుగుతుందో లేదో నా చేతిలో లేదు. ఒకరి దగ్గర ఒకరు దాచుకోకుండా ఉండడం కొంతవరకు ఉంది.

పొద్దున్న లేచేసరికి అరుగు మీద ఒకాయన బోర్లా పడి ఉన్నాడు. పక్క వీధిలో ఉండే పడవ యజమాని, మా ఆయనకు వరసకు బావ. ఆదివారం కాకపోయినా ఓర్చుకోలేక వచ్చాడట.

"అత్తా, గుంటని లేపవే. నడుం కదపలేకపోతన్నాను."

మా అత్త టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. "లెగరా. ఇంక మా గుంట తొక్కదు."

"అదేటి? దాని కాళ్ళకేటయినాది?"

"దాని కాళ్ళకేటీ అవనేదు. నీ నడుముకే అయినాది. ఆసుపత్రికెల్లు."

"మరి వేటకెవడెల్తాడే?"

"మీ ఆవిడ్ని తొక్కమను. ఎప్పటినుంచో సూత్తన్నాది అవకాశం కోసం."

ఆయన ఒక చేయి నేలకు, ఒక చేయి నడుముకు ఆనించి లేచాడు. టీ తాగాడు. సణుక్కుంటూ, కొంచెం వంగి, వీధి మలుపు తిరిగాడు. ఇద్దరు పిల్లలూ తలుపు చాటు నుంచి చూస్తున్నారు. చిన్నది ఆయన వెళ్ళినంత దూరం చూసింది.

ఇద్దరినీ పిలిచి, ఆయన లేచిన చోటే అరుగు మీద కూర్చోబెట్టాను. చిన్నదాని పాదాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. మా అత్త గంప సర్దుకుంటూ వింటోంది.

"అక్క వీపులో ఎముక కొంచెం వంగి పెరుగుతోంది," అన్నాను. "అక్క ఏం చేసినందుకూ కాదు. నవ్వినవాళ్ళకు అది తెలీదు. ఎంత వంగిందో డాక్టరమ్మ చూస్తూ ఉంటుంది. బెల్టు పెట్టాలంటే పెడదాం, అక్కర్లేదంటే మానేద్దాం. తొక్కితే ఎవరి ఎముకా తిన్నగా అవదు, ఎవరు తొక్కినా సరే. చిన్నమ్మలూ, నీ కాళ్ళలో మందు లేదు, చెడ్డా లేదు. అవి నడవడానికీ గెంతడానికీ. ఇక నుంచి ఎవరడిగినా ఎవరి వీపూ ఎక్కకు. అక్క అడిగినా ఎక్కకు, వచ్చి నాకు చెప్పు." పెద్దదాని వైపు తిరిగాను. "నేను భయపడతాను, నిజమే. నా భయం నేను చూసుకుంటాను, అది నీ పని కాదు. ఆదివారం తలంటేటప్పుడు నీ వీపు చూస్తాను. నొప్పి ఉన్నా, లేకున్నా, ఎవరైనా నవ్వినా, ముందు నాకే చెప్పాలి. ఇంక లేవండి, స్కూలు ఆటో వచ్చేస్తుంది."