ఐదు రెండుకి ఏమవుతుంది?

ట్యూషన్ అవగానే నెట్ సెంటర్‌కి వచ్చి ఇది రాస్తున్నాను. ఇంటికెళ్ళేదాకా ఆగలేకపోయాను.

నా దగ్గర పదో తరగతికి ప్రైవేటుగా చదువుతున్న మరియమ్మగారికి నలభై ఏళ్ళు. నాతవరం వైపు ఒక అంగన్‌వాడీలో ఆయా. పది పాసైతే టీచరు పోస్టుకి పెట్టుకోవచ్చు. లెక్కల్లో ఇప్పటికే రెండుసార్లు తప్పారు. ఇవాళ మానేస్తానని చెప్పడానికే ఆటో ఎక్కి నర్సీపట్నం వచ్చారు.

“ఈ శ్రేఢులు నా బుర్రకెక్కవు మేడంగారూ. అసలు శ్రేఢంటే ఏటో తెల్దు.”

“అంకెల వరసేనండీ,” అన్నాను.

“వరసంటే? అత్త వరస, వదిన వరస, అదా?”

కాదనబోయి ఆగాను. బోర్డు మీద 2, 5, 8 రాసి, “సరే, ఐదు రెండుకి ఏమవుతుంది?” అని అడిగాను.

ఆవిడ నవ్వేశారు. “అక్కండీ. మూడేళ్ళు పెద్ద. ఎనిమిది ఐదుకి అదే వరస. తర్వాత పదకొండు రావాల. బేగి ఇంకోటి ఇయ్యండి!”

ఆరు లెక్కలు చేశారు. ఒకటి తప్పు చేసినా తనే దిద్దుకున్నారు. రేపు ఎన్నింటికి రమ్మంటారని అడిగి మరీ వెళ్ళారు.

పన్నెండేళ్ళుగా పిల్లల చేత నిర్వచనాలు బట్టీ పట్టిస్తున్నాను. అంకెలకి చుట్టరికం ఉంటుందని నాకే తట్టలేదు. నాట్లలో వరస వేరు, పాటకి కట్టే వరస వేరు. మీ ఇళ్ళల్లో ఈ మాటకి ఇంకేం అర్థాలున్నాయో రాయండి, రేపటి క్లాసులో వాడుకుంటాను.